ఈశాన్యం పల్లం: షెఫీల్డ్‌లో ఇల్లు చూడబోయిన కథ

షెఫీల్డ్‌కి సరదా కోసం సెలవు పెట్టి వెళ్ళేవాళ్ళు తక్కువ. నేను వెళ్ళిందీ సరదాకి కాదు. ఏప్రిల్ మొదట్లో మా పిన్ని కూతురు లలిత ఫోన్ చేసి, "అక్కా, ఈయన నది పక్కన ఇల్లు కొంటానంటున్నారు. నాకు భయంగా ఉంది. నువ్వొచ్చి చెప్పు, నువ్వు చెబితే వింటారు," అంది. నన్నే పిలవడానికి కారణం నా ఉద్యోగం. ఏ వీధికి వరద ముప్పు ఎంతో లెక్కగట్టే ప్రోగ్రాములు రాస్తాను, ఇన్సూరెన్స్ కంపెనీల కోసం. చుట్టాల పెళ్ళిళ్ళలో నన్ను "వరదల అమ్మాయి" అని పరిచయం చేస్తారు. ఇక లలిత భయానికి కారణం వేరే చెప్పాలి. కిందటేడు జూన్‌లో షెఫీల్డ్‌లో నది పొంగినప్పుడు లలిత ఆఫీసు నుంచి వస్తూ బస్సులో చిక్కుకుపోయింది. ముక్కూ మొహం తెలియని ఎవరిదో చెయ్యి పట్టుకుని, నడుం లోతు నీళ్ళలో నడిచి బయటపడింది. అప్పటినుంచి వాన గట్టిగా పడితే దానికి నిద్ర లేదు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఆ నది ఒడ్డునే కాపురం పెట్టిస్తానంటున్నాడు మా మరిది. ఆ ఇల్లు కొనకుండా ఆపాలని బయల్దేరాను. ఈమధ్య దూరపు ఊళ్ళలో ఇళ్ళు చూడబోతున్న తెలుగువాళ్ళు ఎక్కువయ్యారు కనక దారి, ఖర్చు వివరాలు కూడా రాస్తున్నాను.

మా కారు ఆ వారం గ్యారేజీలో ఉంది. మిల్టన్ కీన్స్‌లో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. ఊరంతా గళ్ళు గళ్ళుగా రోడ్లు, గడి మూలకో రౌండెబౌట్, నడిచేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. శనివారం పొద్దున్నే కేంబ్రిడ్జ్ వెళ్ళే కోచ్ ఎక్కి బెడ్‌ఫర్డ్‌లో దిగాను, టికెట్టు అయిదు పౌండ్లలోపే. అక్కడ బస్ స్టేషన్ నుంచి రైల్వే స్టేషన్‌కి పది నిమిషాల నడక. లెస్టర్‌లో రైలు మారి షెఫీల్డ్ చేరేసరికి పదకొండున్నర దాటింది. ముందే కొనుక్కున్నాను కాబట్టి రైలు టికెట్టు పదిహేను పౌండ్లకి వచ్చింది. అప్పటికప్పుడు కౌంటర్లో కొంటే మూడింతలు గుంజుతారు. లండన్ మీదుగా వెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినకండి, చుట్టూ తిరిగి ముక్కు పట్టుకున్నట్టవుతుంది. నా బ్యాగులో ఒక కాగితం ఉంది. ప్రభుత్వం వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా పెట్టిన వరద పటంలోంచి ఆ వీధి ముక్క ప్రింటు తీసి, దాని మీద నేల మట్టాలు పెన్సిల్‌తో వేసుకున్నాను. నీలం రంగులో మునిగిన ఇల్లు చూపిస్తే చాలు, డాక్టరు కదా, చదువుకున్నవాడు, ఇట్టే అర్థం చేసుకుంటాడని నా ధీమా.

స్టేషన్ బయట పొడుగాటి స్టీలు గోడ, దాని మీంచి జారే నీళ్ళు, మెట్ల పక్కన ఫౌంటెన్లు. చూడదగ్గ చోటే, పిల్లలతో వెళ్తే ఓ పావుగంట కూర్చోండి. నేను టాక్సీ ఎక్కాను. డ్రైవరు పాకిస్తాన్ వైపు కాశ్మీరులోని మీర్పూర్ మనిషి, నా హిందీ విని ఆంధ్రానా అని పట్టేశాడు. ఎక్కడికని అడిగి, నది మాట రాగానే వాళ్ళ ఊరే డ్యాము కింద మునిగిపోయిందని, తాత సమాధి కూడా నీళ్ళలోనే ఉందని చెప్పాడు. ఇంత నీళ్ళు చూసిన కుటుంబం కదా, ఈయనకైనా భయం ఉంటుందనుకున్నాను. కిందటేటి వరద మళ్ళీ వస్తుందంటారా అని అడిగాను. అద్దంలోంచి నా వైపు చూసి నవ్వాడు. అది వందేళ్ళకోసారి వచ్చేదని టీవీలో చెప్పారు మేడం, ఇక మన మనవల మనవలు చూసుకుంటారు అన్నాడు. ఎనిమిది పౌండ్లయింది, తొమ్మిది ఇచ్చి దిగాను.

షెఫీల్డ్‌ని కూడా ఏడుకొండల మీద కట్టారని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. లలిత వాళ్ళు అద్దెకుంటున్న ఫ్లాటు అలాంటి ఒక కొండ మీదే, హాస్పిటల్‌కి దగ్గర్లో ఉంది. వరదకి అందనంత ఎత్తు. మా మరిది శ్రీధర్‌కి మాత్రం ఏడింట్లో ఏ కొండా నచ్చలేదు, వాటి మధ్య పల్లంలో ఇల్లు వెతుక్కున్నాడు. అతనిది గుంటూరు. మత్తు డాక్టరు. చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. వచ్చిన దగ్గర్నుంచీ ఆరు నెలలకో హాస్పిటల్, ఏడాదికో ఊరు, డ్యూటీల రోటా ఎలా తిప్పితే అలా తిరిగాడు. పాప మేఘన ఆరేళ్ళలో మూడు స్కూళ్ళు మారింది. ఇప్పటికి ఒకచోట స్థిరమైన ఉద్యోగం వచ్చింది, సొంత గోడకి మేకు కొట్టుకోవాలని ఉంది. మేఘన నన్ను చూడగానే "పెద్దమ్మా" అని చుట్టేసుకుని, ఆ తరవాత యార్క్‌షైర్ యాసలో, కొత్తింటి వెనకాల డక్స్ ఉంటాయని, వాటికి పేర్లు కూడా పెట్టేశానని చెప్పింది. ఆ పేర్లు విన్నాక నా పని అనుకున్నంత తేలిక కాదనిపించింది.

లండన్‌లో స్టాన్‌మోర్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన గోంగూరతో లలిత పప్పు చేసింది. వంటింట్లో కంచాలు తీస్తూ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఇంటి ప్లాను గుంటూరులో వాళ్ళ సిద్ధాంతిగారికి ఈమెయిల్లో పంపారు. ఆయన చూసి పరవశించిపోయాడు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం, ఆ పల్లంలో పారే నీరు, అంతా సంపదే, ఇలాంటి ఇల్లు కోటికొకటి, కళ్ళు మూసుకుని కొనండి అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా కాగితంలో ఆ ఇంటిని ముంచుతున్నది ఆ ఈశాన్యం పల్లమే. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా. ఆయన సంపద అన్నదీ నేను ముప్పు అన్నదీ ఒకే వాలు.

"సాయంత్రం ఆయన మళ్ళీ ఫోన్ చేస్తారు," అంది లలిత. "ఇల్లు చూసొచ్చిన పెద్దవాళ్ళతో మాట్లాడతానన్నారు. నైరుతిలో గొయ్యి ఉందని ఒక్క మాట చెప్పక్కా. ఈయన ఆ వీధి వైపు మళ్ళీ తొంగి చూడరు."

నేను ఒప్పుకోలేదు. అబద్ధంతో పనేముంది, నిజమే మనవైపు ఉంది కదా అన్నాను. అది కంచాలు పట్టుకుని బయటికి నడిచింది.

రెండింటికి బయల్దేరి కారులో కొండ దిగాం. ఇల్లు బాగుంది, దాచడం ఎందుకు. ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు గులాబీ మొక్కలు, వెనక గడ్డి మెత్తగా వాలుతూ వెళ్ళి డాన్ నదిలో కలుస్తుంది. ఆ రోజు నది బుద్ధిమంతురాలిలా ఉంది, మోకాలి లోతు నీళ్ళు, మేఘన బాతులు కూడా హాజరు. అమ్ముతున్నావిడ పేరు మార్గరెట్, డెబ్భై దాటినావిడ, భర్త పోయారు. కూతురి ఊరికి వెళ్ళిపోతుందట. ఆవిడ ఏదీ దాచలేదు. గోడకి నడుం ఎత్తు దాకా కొత్త ప్లాస్టరు ఎందుకుందో, స్విచ్చులు పైకి ఎందుకు జరిపారో తనే చూపించింది. కార్పెట్లు, సోఫా, పెళ్ళి ఫోటోలు పోయాయని చెప్పింది. టీ ఇస్తూ, భయపడకు లవ్ (అక్కడ అందర్నీ అలాగే పిలుస్తారు), అది వందేళ్ళకోసారి వచ్చేది, నా వంతు నేను అనుభవించేశాను, మీకిక బెంగ లేదు అంది. తక్కువ ధరకి ఇవ్వలేనని, కూతురి ఊళ్ళో చిన్న ఫ్లాటు కొనుక్కోవడానికి ఆ మొత్తం కావాలని కూడా మొహమాటం లేకుండా చెప్పింది. లలిత వెనక తలుపు దగ్గరే నిలబడిపోయింది, గడ్డి మీద అడుగు పెట్టలేదు.

పొద్దున్నించీ ఇద్దరి నోట అదే మాట. ఆ మాట పుట్టించింది మా వృత్తివాళ్ళే. వందేళ్ళ వరద అని పేరు పెట్టి ఊరి మీదికి వదిలాం, జనం దాన్ని క్యాలెండరు అనుకున్నారు. మనవాళ్ళయితే మరీను. గోదావరి జిల్లాల్లో పుట్టినదాన్ని, మావాళ్ళకి నది అనగానే పుష్కరం గుర్తొస్తుంది, చెప్పిన ఏడాదికి రావడం, చెప్పిన రోజుకి వెళ్ళిపోవడం.

తిరుగుదారిలో పార్కు పక్కన చిన్న కేఫ్‌లో ఆగాం. టీ, చిప్స్, మేఘనకి ఐస్‌క్రీము, అంతా కలిపి తొమ్మిది పౌండ్లు. చిప్స్ బాగుంటాయి, వెనిగర్ వద్దని ముందే చెప్పండి. లలిత పాపని ఊయల దగ్గరికి తీసుకెళ్ళగానే నేను కాగితం బల్ల మీద పరిచాను. శ్రీధర్ శ్రద్ధగా చూశాడు. పటం చదవడం అతనికి ఒకరు నేర్పాలా, నిమిషంలో పట్టేశాడు. అయినా నవ్వి, "గోదావరి పుష్కరం పన్నెండేళ్ళకి, షెఫీల్డ్ పుష్కరం వందేళ్ళకి. కిందటేడే అయిపోయింది కదా వదినా," అన్నాడు.

పుష్కరం కాదు శ్రీధర్, గవ్వలు అన్నాను. ప్రతి ఏడూ మళ్ళీ కొత్తగా వేసే పందెం. కిందటి పందెంలో ఏం పడిందో గవ్వలకి గుర్తుండదు. ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు. నీ ఇంటి అప్పు తీరడానికి ఇరవై అయిదేళ్ళు పడుతుంది, ఆ లోపల ఒక్కసారైనా నీళ్ళు ఇంట్లోకి రావడానికి నాలుగో వంతుకి కాస్త తక్కువ అవకాశం ఉంది. పైగా ఈ ఇల్లు పటంలో ఆ నూటికొకటి ముంపు గీతకి చాలా లోపల ఉంది కనక అసలు లెక్క ఇంకా ఎక్కువే అవుతుంది. అంతా చెప్పి, నా తురుపుముక్క వేశాననుకున్నాను.

"నీ పేషెంటుకి నలుగురిలో ఒకరికి ప్రమాదమని చెబితే వాడు ఆపరేషన్‌కి సంతకం పెడతాడా?"

అతను తడుముకోలేదు. "పెడతారు వదినా. రోజూ పెడతారు. నేను చెప్పేది పూర్తిగా వింటారు, తలూపుతారు, పెట్టేస్తారు. వాళ్ళకి ఆపరేషన్ కావాలి."

ఇక లెక్కలు పక్కన పెట్టాను. లలిత భయం సంగతి ఎత్తాను. అలవాటైపోతుందిలే, వానొస్తే పైన బెడ్రూంలో పడుకుంటాం అన్నాడు. నిజంగానే అది పెద్ద విషయం కాదనుకుంటున్నాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, గట్టిగా తిట్టడానికి కూడా వీలుండదు. చిప్స్ చల్లారిపోయాయి, నేను తినలేకపోయాను.

ఫ్లాటుకి చేరేసరికి నాలుగున్నర. సిద్ధాంతిగారు చెప్పిన వేళకి ఫోన్ చేశారు. శ్రీధర్ స్పీకర్ నొక్కి, మా వదినగారు ఇవాళ చూసొచ్చారండీ అని నాకు అప్పగించాడు. ఆయనది తీరికైన గొంతు, పెద్దమనిషి. నా వృత్తి ఏమిటో విని సంతోషించి, అంతా నీటి శాస్త్రమే కదమ్మా అన్నారు.

"ఈశాన్యం ఎలా ఉందమ్మా?"

"పల్లంగా ఉందండి. నది అటే. కిందటేడు అటునుంచే ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి."

ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆయనకి కూడా తట్టిందేమోనని ఆశపడ్డాను. "ఈశాన్యం నుంచి వచ్చింది గంగ. దోషం లేదు, గృహప్రవేశానికి ముందు శాంతి చేయిస్తే సరిపోతుంది. నా అనుమానమల్లా నైరుతి మీదే. అక్కడ గొయ్యి గానీ పాత బావి గానీ ఉన్నాయా? ఉంటే మాత్రం ఆ ఇల్లు వద్దు. పగవాడికి కూడా చెప్పను."

శ్రీధర్ ముందుకి వంగి వింటున్నాడు. కేఫ్‌లో నా లెక్కలన్నిటికీ ఆ మొహంలో రాని కంగారు ఇప్పుడు వచ్చింది. వంటింటి గుమ్మంలో లలిత నిలబడి నా వైపే చూస్తోంది. రెండు పదాలు చాలు, గొయ్యి ఉంది అంటే అయిపోతుంది, నలుగురం హాయిగా కాఫీ తాగుతాం.

"అలాంటివేం లేవండి. నైరుతి ఎత్తుగానే ఉంది," అన్నాను.

లలిత లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. నేను వెళ్ళేటప్పుడు బయటికి వచ్చి, దారిలో తినమని పులిహోర డబ్బా చేతిలో పెట్టింది, మొహంలోకి మాత్రం చూడలేదు.

స్టేషన్‌కి శ్రీధర్ దిగబెట్టాడు. దిగబోతుంటే, "ఆ పేపర్ నా దగ్గర ఉంచండి వదినా, మళ్ళీ ఒకసారి చూసుకోవాలి," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సిద్ధాంతిగారి మాట ఒక చెవిన వేసుకున్నా, చదువు లోపల పనిచేస్తూనే ఉందనుకున్నాను. కాగితం ఇచ్చేసి, నీలం గీత ఎక్కడ మొదలవుతుందో, నేల ఎంత దిగువో మళ్ళీ వివరంగా చెప్పి మరీ రైలెక్కాను. ఆరింటి తరవాత బెడ్‌ఫర్డ్ వైపు రైళ్ళు తక్కువ, కోచ్ టైము చూసుకుని బయల్దేరండి. లెస్టర్‌లో పులిహోర తింటూ, నిజం చెప్పి నెగ్గినట్టే అని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మూడు వారాల తరవాత శ్రీధర్ ఫోన్ చేశాడు. గొంతులో పండగ. ఇల్లు ఖాయమైందట. నా కాగితం తీసుకెళ్ళి ఏజెంటు ముందు, ఆ తరవాత మార్గరెట్ ముందు పరిచాడట. నేల మట్టాలు, నూటికి ఒక వంతు, అప్పు తీరేలోపు నాలుగో వంతు, నేను చెప్పినదంతా పొల్లుపోకుండా వల్లించాడట. వాళ్ళు కాదనలేకపోయారు. ఇలాంటి లెక్క చూపిస్తే ఇంకెవరు కొంటారని ఆవిడ భయపడి, బ్యాంకు వీళ్ళకిచ్చే అప్పుకి సరిపోయేంత వరకూ ధర దించింది. పాత ధరకి కొనే శక్తి వీళ్ళకి మొదటినుంచీ లేదని నాకప్పుడే తెలిసింది. బేరం పొసగక ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తప్పిపోయేదట. ఆవిడ ఆ కాగితం చూసి ఏమందని అడిగాను. కళ్ళజోడు తీసి తుడుచుకుందన్నాడు. ఆవిడ కొనుక్కోవాలనుకున్న ఫ్లాటు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. శ్రీధర్ మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పి, గృహప్రవేశానికి పీటల మీద మీరూ అన్నయ్యగారూ కూడా కూర్చోవాలి వదినా అని, ఫోన్ లలితకిచ్చాడు.

"నువ్వు రాకపోతే ఆ ఇల్లు మాకు అందేది కాదక్కా," అంది.

దాని గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నేను ఏదో అనబోయాను. వాన పడుతోంది, బట్టలు తియ్యాలి అని పెట్టేసింది.

ముప్పు ఎంతో తెలిస్తే జనం దానికి దూరంగా జరుగుతారని నమ్మి ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు గడిపాను. ఇప్పుడు ఆ నమ్మకం మీద అసహ్యం వేస్తోంది. మా వైపు ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని రేడియోలో వినబడితే లంకల్లో వాళ్ళు గొడ్లని గట్టు మీదికి తోలతారు. ఎంత శాతమని అడగరు, ఆ మాటకి చెయ్యాల్సిన పని ఏమిటో వాళ్ళకి తెలుసు. ఇక్కడ మేం శాతం చెప్పి చేతులు దులుపుకుంటాం. దాంతో ఎవడికి కావలసింది వాడు చేసుకుంటాడు. మా కంపెనీ ప్రీమియం పెంచుకుంటుంది, మా మరిది ధర తగ్గించుకుంటాడు, లలిత మాత్రం నది పక్కన పడుకుంటుంది. ఆ రోజు అబద్ధం చెప్పనందుకు నేనేమీ చింతించడం లేదు, ఇంకోసారి అడిగినా చెప్పను. కానీ ఒక పెద్దావిడ ఫ్లాటునీ, నా చెల్లెలి నిద్రనీ పోగొట్టింది నేను చెప్పిన నిజమే, ఆ సంగతి ఎవరు ఎంత సర్దిచెప్పినా నాకు మింగుడుపడదు. ఇక మీలో ఇల్లు చూడబోతున్నవాళ్ళకి ఒక్క మాట. ఏజెంటుకి ఫోన్ చెయ్యకముందే పోస్ట్‌కోడ్ కొట్టి వరద పటం చూడండి, నీలం కనిపిస్తే అసలు ఆ గుమ్మం ఎక్కకండి. ఇంటి మీద మనసు పడ్డాక చూసే పటం బేరమాడుకోవడానికే పనికొస్తుంది.